ఓటీ మీద నడిచే ఇంటికి నెల బడ్జెట్టా?

పొదుపు సంఘాలూ, స్వచ్ఛంద సంస్థలూ నడిపే శిక్షణల్లో 'ఇంటి బడ్జెట్' అనే పాఠం తప్పకుండా ఉంటుంది. ఒక కాగితం ఇస్తారు. పైన 'నెల ఆదాయం' అని ఒక గడి, దాని కింద బియ్యం, అద్దె, చదువు, వైద్యం, పొదుపు అని వరసగా గళ్ళు. అనవసరపు ఖర్చులేవో గుర్తించి తగ్గించుకోమంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న బస్తీల్లో ఈ కాగితం పంచినప్పుడల్లా మొదటి గడి దగ్గరే కలాలు ఆగిపోవడం నేను చూస్తున్నాను. "ఏ నెలది రాయాలె అక్కా? ఓటీ పడ్డ నెలదా, పడని నెలదా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు మన శిక్షకుల దగ్గర ఒక సమాధానం ఉంది. ఆరు నెలలది కూడి ఆరుతో భాగించి సగటు రాయమంటారు. ఈ సగటుతోనే నాకు పేచీ.

షాపూర్‌నగర్‌లో ఒకామె తన లెక్కల పుస్తకం నాకు చూపించింది. భర్త మెషీన్ ఆపరేటర్. ఓవర్‌టైం లేకుండా చేతికొచ్చేది 13,500 రూపాయలు. ఆమె ఇంట్లో చీరలకు ఫాల్స్, పికో వేసి సంపాదించేది సుమారు 3,500. అతని ఓవర్‌టైం ఆరు నెలల్లో వరసగా 4,200, 3,900, సున్నా, 1,100, 4,600, మళ్ళీ సున్నా. సగటు 2,300. ఇంటి ఆదాయం మొత్తం 19,300. ఇక ఖర్చు చూడండి: అద్దె 4,500, బియ్యం సరుకులు 5,500, గ్యాసూ కరెంటూ నీళ్ళూ 1,700, పాలూ కూరలూ 2,800, బస్సూ పెట్రోలూ 1,200, బడి ఫీజు 1,500, అప్పు కిస్తు 2,100. అదీ 19,300. కాగితం మీద పైసా తేడా లేకుండా సరిపోయింది.

కానీ అద్దె సగటున కట్టేది కాదు, ప్రతి నెలా కట్టేది. సున్నా పడ్డ నెలలో ఆమెకు 2,300 తక్కువ పడింది. మొదట పాలు సగం చేసింది. కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టింది. అదీ చాలక డైలీ ఫైనాన్స్ అతని దగ్గర 5,000 తీసుకుంది. అంతకంటే తక్కువ ఇవ్వనన్నాడు. అందులో 500 ముందే పట్టుకుని చేతిలో 4,500 పెట్టాడు. రోజుకు 50 చొప్పున వంద రోజులు కట్టాలి. అంటే ఒక నెలలో వచ్చిన 2,300 లోటు, తర్వాత మూడు నెలల పాటు నెలకు 1,500 ఖర్చయి కూర్చుంది. ఓటీ బాగా పడ్డ నెల డబ్బు ఈ పాత లోటుకే పోతుంది. శిక్షకురాలు ఇవన్నీ విని ఆమె కాగితం మీద 'పొదుపు అలవాటు లేదు' అని రాసింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

లెక్క రాకపోవడం ఇక్కడ సమస్య కాదు. ఆర్డర్లు ఎక్కువైతే మనుషుల్ని నిలబెట్టుకోవడం, తగ్గితే పంపెయ్యడం యజమానికి వీలుగా ఉంటుంది. వ్యాపారంలో ఎగుడుదిగుళ్ళు భరించాల్సింది పెట్టుబడి పెట్టినవాడు. ఆ భారం గేటు దాటి, గల్లీ దాటి, ఈమె పాల గిన్నె దాకా వచ్చింది. దాన్ని ఇంకా నేర్పుగా మొయ్యడమెలాగో మనం ఈమెకు శిక్షణ ఇస్తున్నాం.

అసలు ఎనిమిది గంటల జీతంతో ఇల్లు గడవాలన్నది మనం కొత్తగా కోరుతున్న కోరిక కాదు. 1957లోనే 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి కొలతలు పెట్టింది. ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకుకూ దీపానికీ ఇతర ఖర్చులకూ 20 శాతం. ఆడవాళ్ళ సంపాదన, పిల్లల సంపాదన ఈ లెక్కలో కలపకూడదని కూడా చెప్పింది. పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టకాస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. (ఆ మూడు యూనిట్లలో భర్తకు 1, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు 0.6 చొప్పున అని విప్పి చెబుతారు. ఆ 0.8 సంగతి ఇంకోసారి తీరిగ్గా రాయాలి.) ఈ కొలతల్లో ఎక్కడా ఓవర్‌టైం లేదు. ఓవర్‌టైంతో గానీ అద్దె కట్టలేని ఇల్లంటే, అక్కడ కనీస వేతనమే సరిగా అందడం లేదని అర్థం.

ఇక ఓవర్‌టైంకు రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం అన్నది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు కూడా ఆ మాట ఉంచాయి. బస్తీలో మాత్రం 'సింగిల్ ఓటీ' అనే మాటే వినబడుతుంది. మామూలు గంటకెంతో ఓటీ గంటకూ అంతే అన్నమాట. చాలాచోట్ల అది మస్టర్‌లో ఎక్కదు, వోచర్ మీద చేతికిస్తారు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళకైతే సాయంత్రం అయిదింటికి చెబుతారు, ఇవాళ లోడు పోవాలి, ఉండాలి అని. బడి నుంచి వచ్చిన పిల్లవాడు తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఉంటాడు. కార్మికుల సమ్మతి లేనిదే ఓవర్‌టైం చేయించకూడదని కొత్త కోడ్‌లో ఉంది. అద్దెకు చాలని జీతం ఇచ్చి, ఉంటావా అని అడిగితే ఎవరు కాదంటారు?

గంటలు పెంచడమంటే కార్మికులకు ఆదాయం పెంచడమేనని ఇప్పుడొక వాదన వినిపిస్తోంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికీ, మూడు నెలల్లో 144 గంటల దాకా ఓవర్‌టైంకూ అనుమతి ఇచ్చింది. 144 గంటలంటే పద్దెనిమిది పనిదినాలు. మగవాడు ఆ పద్దెనిమిది రోజులు బయట ఉంటే ఇంట్లో అతని వంతు పని ఎవరి మీద పడుతుంది? అసలు అతని వంతు ఉన్నదే తక్కువ. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఓవర్‌టైం ఆ 97ని కూడా మింగేస్తుంది. రాత్రి వచ్చే నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడే గంటకు ఆమెకు సింగిల్ కూడా లేదు.

ఓటీ డబ్బుకు ఇంకో గుణం ఉంది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952లోనే ఓవర్‌టైంను మూలవేతనం నిర్వచనం నుంచి మినహాయించింది. ఇరవై ఏళ్ళు ఓటీ చేసినా ఆ కష్టం ముసలితనానికి జమకాదు. కానీ అప్పు ఇచ్చే దగ్గర అది ఆదాయమే. సూక్ష్మరుణాల కిస్తులు ఇంటి నెల ఆదాయంలో సగానికి మించకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధన పెట్టింది. ఫారం నింపడానికి వచ్చిన కుర్రాడు "ఓటీతో కలిపి చెప్పండమ్మా, లోన్ ఎక్కువొస్తుంది" అనడం నేను పక్కన కూర్చుని విన్నాను. ఓటీ ఆగిపోతుంది, కిస్తు ఆగదు.

మరి ఆడవాళ్ళకు లెక్కలు అక్కర్లేదా అని మిత్రులు అడుగుతారు. కావాలి. మనకన్నా వాళ్ళే బాగా వేస్తున్నారు కూడా. ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను పట్టుకుని ఇల్లు నడపడం, కిస్తు గానీ చీటీ గానీ ఓటీని నమ్ముకుని మొదలుపెట్టకపోవడం, ఓటీ పడ్డప్పుడు ముందు వచ్చే నెల అద్దె తీసి దాచడం, తర్వాత ఒక బస్తా బియ్యం. బస్తీలో నిలదొక్కుకున్న ఇళ్ళలో ఈ పద్ధతే కనిపించింది. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

అయితే ఇది చెయ్యాలంటే ముందు ఓటీ ఎంత పడిందో ఆమెకు తెలియాలి. జీతం ఎంతో భార్యకు తెలుస్తుంది, ఓటీ ఎంతో తెలియదు. అది మగవాడి సొంత డబ్బు అని ఒక అలిఖిత చట్టం. ఇంటి కోసం రాత్రి పన్నెండు దాకా పనిచేశానంటాడు, ఎన్ని గంటలు పడ్డాయని అడిగితే నన్నే లెక్క అడుగుతావా అంటాడు. ఈ ఒక్క ప్రశ్నకు దెబ్బలు తిన్నవాళ్ళు మా సమావేశాల్లో ఉన్నారు. లోటు వచ్చినప్పుడు మాత్రం లెక్క చెప్పాల్సింది ఆమె.

యజమాని జీతం చీటీ ఇచ్చి తీరాలని వేతనాల కోడ్ 50వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క కాగితం ఫ్యాక్టరీ గేటు దగ్గరా ఇంటి గడప దగ్గరా రెండుచోట్లా పనికొస్తుంది. యూనియన్లు మగవాళ్ళ సమావేశాల్లో రెట్టింపు రేటు గురించి మాట్లాడినప్పుడు, ఆ చీటీ ఇంట్లో చూపించాలన్న మాట కూడా తేవాలి. ఈ మాట ఎత్తితే నాయకులు నవ్వేస్తారని తెలుసు. ఒకాయన "అది మీ ఆడవాళ్ళ సమస్య" అన్నాడు కూడా.

మా దగ్గర ఆ పాత కాగితం పంచడం మానేశాం. ఇప్పుడిస్తున్న దాంట్లో 'నెల ఆదాయం' గడి లేదు. మూల జీతం ఎంత, ఓటీ ఎన్ని గంటలు, గంటకు ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాలి, చీటీ ఇచ్చారా లేదా, ఇస్తే నువ్వు చూశావా అని ఆరు గళ్ళు ఉన్నాయి. పోయిన నెల ఇరవై రెండు మంది నింపారు. చివరి గడిలో 'చూశాను' అని రాసినవాళ్ళు ముగ్గురు.