లాప్‌టాప్ ఇస్తే సరిపోదు, ఒక గంట కూడా ఇవ్వాలి



ఈసారి మాట కాస్త ఘాటుగా ఉంటుంది. కోపం వస్తే వచ్చే మీటింగులో నిలబెట్టి అడగండి, జవాబు చెబుతాం. చివరిదాకా చదివాకే కోప్పడండి.

ప్రతి ఏడాదీ మన సంఘం ప్రతిభా పురస్కారాలు ఇస్తుంది. మార్కులొచ్చిన పిల్లలకు శాలువా, మెమెంటో, ఒక ఫొటో. దాత దొరికిన ఏడాది ఇద్దరు ముగ్గురికి లాప్‌టాప్ కూడా. మంచి పనే. కానీ లాప్‌టాప్ ఇచ్చిన రోజే దాన్ని సరిగ్గా సెట్ చేసి, పాస్‌వర్డ్ ఎలా కాపాడుకోవాలో ఒక గంట కూర్చోబెట్టి చెబుదామని మేము కొందరం రిటైరైనవాళ్ళం కార్యవర్గం ముందు మాట పెట్టాం. మన పిల్లలకే కాదు, కాలేజీల్లో పనిచేసే గెస్ట్ లెక్చరర్లకు, ఆఫీసు గుమాస్తాలకు కూడా. వచ్చిన జవాబు ఏమిటి? "ఈ కాలం పిల్లలకు మనం కంప్యూటర్ నేర్పడమేంటండీ, తాతకు దగ్గులు నేర్పినట్టు!" అందరూ నవ్వారు. అంశం అక్కడితో సరి.

అయ్యా, ఇక్కడ దగ్గుతున్నది తాతలు కాదు, మనుమలు.

పిల్లలకు ఫోన్ వేగంగా తిప్పడం వచ్చు. దాన్నే మనం తెలివి అనుకుంటున్నాం. బండి వేగంగా నడిపేవాడికి బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలుసని అర్థమా? మన చిక్కపేట నుంచి నాలుగడుగులు వేస్తే ఎస్పీ రోడ్డు. కంప్యూటర్ సామాను కోసం ఊరంతా అక్కడికే వస్తుంది. హిందూపురం నుంచో, మదనపల్లి నుంచో, కోలారు నుంచో వచ్చి పీజీలో ఉండి చదివే పిల్లవాడు అక్కడ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొంటాడు. అంగడివాడు విండోస్, ఆఫీస్ అన్నీ "ఫ్రీగా" వేసిస్తాడు. ఆ దొంగ కాపీ పనిచేయాలంటే చాలాసార్లు మొదట యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటికి కొత్త తాళం వేయిస్తానని వచ్చినవాడు ముందు కాపలా కుక్కను కట్టేయమంటే మనం కట్టేస్తామా? పిల్లవాడు కట్టేస్తాడు. ఎందుకంటే వద్దని చెప్పినవాడు లేడు.

ఇంకొకటి చూడండి. హాల్ టికెట్ ప్రింటు కావాలి. జెరాక్స్ అంగడిలో వాట్సాప్ వెబ్ తెరిచి తన ఫోన్‌తో స్కాన్ చేస్తాడు. ప్రింటు తీసుకుని, రెండు రూపాయలిచ్చి వెళ్ళిపోతాడు. లాగవుట్ చేయడు. వాడి మాటలన్నీ, ఫొటోలన్నీ ఆ అంగడి తెర మీదే ఉంటాయి. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి బ్రౌజింగ్ సెంటర్‌కు వెళితే, అక్కడివాడు పిల్ల పేరుతో జీమెయిల్ తెరిచి, రికవరీ నంబరు చోట తన ఫోన్ నంబరు వేసేస్తాడు. దురుద్దేశం ఉండకపోవచ్చు, పని త్వరగా అవుతుందని వేస్తాడు. కానీ మూడేళ్ళ తర్వాత పాస్‌వర్డ్ మరచిపోతే ఆ పిల్ల ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

ఇప్పుడు చదువంతా ఆ ఈమెయిల్ మీదే, ఆ ఫోన్ నంబరు మీదే నడుస్తోంది. కర్ణాటకలో డిగ్రీ ప్రవేశం, పరీక్ష ఫీజు, ఫలితాలు యూయూసీఎంఎస్‌లో. మార్కుల కార్డు డిజిలాకర్‌లో. స్కాలర్‌షిప్ ఎస్‌ఎస్‌పీ పోర్టల్లో. ఒక్క ఖాతా చేజారితే మూడేళ్ళ చదువు చేజారినట్టే. లెక్చరర్ల సంగతీ అంతే. సొంత పాత లాప్‌టాప్‌లో, ఇంట్లో పిల్లలు ఆటలాడుకునే దానిలోనే, మార్కులు ఎక్కించే గెస్ట్ లెక్చరర్లు మన కుటుంబాల్లోనే ఉన్నారు. ఆ యంత్రంలోకి దొంగ దూరితే పోయేది ఆమె డబ్బు ఒక్కటే కాదు, తరగతి మొత్తం మార్కులు.

"అంత దూరం ఆలోచించాలా?" అంటారు. 2017 మే నెల గుర్తు చేసుకోండి. వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి, తెరవాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళు చాలావరకు తప్పించుకున్నారు, "తర్వాత చూద్దాం" అని నొక్కినవాళ్ళు చిక్కుకున్నారు. ఇప్పుడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఎస్పీ రోడ్డులో చవకగా దొరికే పాత లాప్‌టాపుల్లో చాలా వాటికి విండోస్ 11 ఎక్కదు. ఈ సంగతి మనం పురస్కారాలిచ్చే పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

మేము రైల్వేలో బుకింగ్ కౌంటర్లలో పనిచేసినవాళ్ళం. డ్యూటీ ఎక్కేటప్పుడు జేబులో సొంత డబ్బు ఎంతుందో ముందు రాసి సంతకం పెట్టాలి. క్యాష్ డ్రాయరు తాళం పక్క కౌంటర్లోని ప్రాణస్నేహితుడికి కూడా ఇవ్వకూడదు. కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చిన కొత్తల్లో, కార్డు టికెట్లు అమ్ముకుంటున్న మమ్మల్ని "మీరు తెలివైనవాళ్ళు, మీరే నేర్చుకోండి" అని టెర్మినల్ ముందు కూర్చోబెట్టలేదు. శిక్షణ ఇచ్చి, ఎవరి యూజర్ ఐడీ వాళ్ళకిచ్చి, దానిమీద జరిగే ప్రతి టికెట్టుకూ నీదే బాధ్యత అని చెప్పి అప్పుడు కూర్చోబెట్టారు. తెలివిని నమ్ముకుని ఏ ఆఫీసూ నడవదు, పద్ధతిని నమ్ముకుని నడుస్తుంది. గుమాస్తాకు ఇచ్చిన ఆ శిక్షణ విద్యార్థికి ఎందుకు లేదు?

"ఇది యూనివర్శిటీ చేయాల్సిన పని, మనకెందుకు?" అనేవాళ్ళున్నారు. యూనివర్శిటీ చేయాలి, నిజమే. యూజీసీ 2022లోనే సైబర్ సెక్యూరిటీకి సిలబస్ తయారు చేసింది. కానీ సిలబస్ వేరు, సాయం వేరు. ఫిషింగ్ అంటే ఏమిటో ఐదు మార్కులకు రాసిన పిల్లవాడే ఆ సాయంత్రం ఇంటర్న్‌షిప్ పేరుతో వచ్చిన లింకు నొక్కి రిజిస్ట్రేషన్ ఫీజు కడుతున్నాడు. ప్రతి కాలేజీలో ఒక కిటికీ ఉండాలి. దాని వెనుక ఒక మనిషి ఉండాలి. "సార్, నా ఖాతా తెరుచుకోవడం లేదు" అంటే తిట్టకుండా వినాలి. దాని కోసం అడుగుదాం, అర్జీ పెడదాం, మేమే రాసిస్తాం. అది వచ్చేదాకా మన పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళే చోటు లేకనే కదా బ్రౌజింగ్ సెంటర్‌కు వెళుతున్నారు.

ఒక నిజమైన కష్టం చెబుతాం, పేర్లు చెప్పం. మన వాళ్ళ అబ్బాయే, బీకాం రెండో ఏడు. "నీ బ్యాంకు ఖాతా రెండు వారాలు వాడుకుంటాం, ఐదు వేలిస్తాం" అని స్నేహితుడి స్నేహితుడు అడిగాడు. ఇచ్చాడు. దొంగసొమ్ము ఆ ఖాతాలోంచి దాటిపోయింది. ఇంకో రాష్ట్రంలో ఫిర్యాదు, ఇక్కడ ఖాతా స్తంభన. స్కాలర్‌షిప్ డబ్బూ అందులోనే ఇరుక్కుంది. ఖాతా అద్దెకివ్వడం నేరంలో చేయి వేయడమేనని ఆ అబ్బాయికి ఒక్కరూ చెప్పలేదు. ఆ తండ్రి సంఘానికి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసా? మనం నవ్వుతామని. "చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా" అంటామని.

ఆ నవ్వే దొంగకు పెట్టుబడి. మోసం జరిగిన మొదటి గంటలో 1930కి ఫోన్ చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం ఉంటుంది. సిగ్గుతో రెండు రోజులు దాస్తే ఆ డబ్బు పది ఖాతాలు మారిపోతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇదే చెబుతుంది. తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, బయటివాడిది అయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే నష్టం మన మీద పడదు. మనమే ఓటీపీ చెప్పేసినా, ఫిర్యాదు చేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అంటే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. సిగ్గుపరిచేవాళ్ళు ఆ నిమిషాలను తినేస్తున్నారు. దేశంలో మొట్టమొదటి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ 2001లో వచ్చింది మన బెంగళూరులోనే. ఆ ఊళ్ళో ఉండి, ఫిర్యాదు చేయడానికి సిగ్గుపడే పిల్లల్ని పెంచుతున్నామంటే ఏమనాలి?

భాష సంగతి కూడా చెప్పాలి. మేము బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు, ఉద్యోగం చేసింది ఇంగ్లీషు ఫారాల మధ్య, పింఛను తీసుకుంటున్నది కన్నడ నాట. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఎంత తేలికో మాకు తెలుసు. తెర మీద ఇంగ్లీషులో హెచ్చరిక వస్తే కన్నడ మీడియం పిల్ల, తెలుగు మీడియం పిల్లవాడు "ఓకే" నొక్కేస్తారు. అది బుద్ధి తక్కువై కాదు, చదివి చెప్పేవాళ్ళు పక్కన లేక. ఆ చెప్పేవాళ్ళం మనం కావాలి.

మేము అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. నెలకు రెండు ఆదివారాలు, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, మన హాల్లో రెండు బల్లలు. మన ఇళ్ళలోనే ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదివే పిల్లలున్నారు, వాళ్ళు కూర్చుంటారు. ఫారాల దగ్గర రిటైరైన బ్యాంకువాళ్ళు. ఆడపిల్లలు వచ్చినప్పుడు బల్ల దగ్గర మన ఆడవాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలి.

అక్కడ జరిగే పని ఇది. అప్‌డేట్లు ఆన్ చేయడం. విండోస్‌లోనే వచ్చే డిఫెండర్ నడుస్తోందో లేదో చూడడం. దొంగ ఆఫీస్ తీసేసి ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ వేయడం, పాత యంత్రమైతే ఉబుంటు వేయడం. ఈమెయిల్‌కు రెండంచెల తాళం పెట్టి, రికవరీ నంబరు తనదో కాదో చూడడం. కొత్త విండోస్ 11 లాప్‌టాపుల్లో చాలా వాటిలో డిస్కు తనకు తానే తాళం వేసుకుంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో చూపించి కాగితం మీద రాయించడం. ప్రాజెక్టు ఫైళ్ళు రెండో చోట కూడా దాచించడం. తన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూపించడం. పుట్టినతేదీ పాస్‌వర్డ్ మానిపించి, ఇంట్లో వాళ్ళకే తెలిసిన నాలుగైదు తెలుగు మాటలు కలిపి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టించడం. బల్ల దగ్గర ఒకటే కట్టుబాటు. సాయం చేసేవాళ్ళు పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ చూడరు, కీబోర్డు మీద చేయి ఎప్పుడూ విద్యార్థిదే.

పెద్దలకూ ఆ బల్ల పనికొస్తుంది. చట్టంలో "డిజిటల్ అరెస్ట్" అనేదే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పారు. అయినా రిటైరైన ప్రొఫెసర్లు, ఆఫీసర్లు వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా చూసి వణికిపోతూనే ఉన్నారు.

కార్యవర్గానికి మా మాట ఇది. ఈ ఏడాది పురస్కారాల రోజున ఒక్క శాలువా తగ్గించండి. ఆ డబ్బుతో 1930 నంబరు, పైన చెప్పిన పనులు తెలుగులో ఒకవైపు, కన్నడలో ఇంకోవైపు ఉన్న కార్డులు అచ్చు వేయించండి. లాప్‌టాప్ అందుకున్న పిల్లవాడు వేదిక దిగి నేరుగా ఆ బల్ల దగ్గరికి రావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని మళ్ళీ పెడతాం. నవ్వాలనుకునేవాళ్ళు ముందు తమ ఇంట్లో పిల్లవాడి రికవరీ నంబరు ఎవరిదో చూసి రండి.