శిక్ష నర్సు ఒక్కదానికేనా?

2017లో అమెరికాలోని టెనెసీలో రాడొండా వాట్ అనే నర్సు, స్కానింగుకి ముందు ఒక పెద్దావిడకు కంగారు తగ్గించే మందుకు బదులు కండరాలను కదలనివ్వని మందు ఇచ్చింది. ఆవిడ ప్రాణం పోయింది. పొరపాటు తనదేనని నర్సే వెంటనే చెప్పింది. ఆసుపత్రి మాత్రం ప్రభుత్వానికి తెలపలేదు. 2018లో పేరు చెప్పని ఎవరో ఫిర్యాదు చేస్తేనే బయటపడింది. 2022లో కోర్టు నర్సును దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

సీసా మీద పేరు చూసుకోకపోవడం తప్పే. కానీ మందుల యంత్రం హెచ్చరికలను దాటేయడం అక్కడ మామూలైపోయిందన్న ఆమె మాటా వినాలి కదా అంటాను నేను. నిజం చెప్పినవాళ్లకే బోను చూపిస్తే, రేపు ఇంకో నర్సు నోరు విప్పుతుందా? ప్రమాదకరమైన మందులు విడిగా పెట్టడం, ఇచ్చేముందు రెండో మనిషి చూడడం, ఒక్కరి మీద మోయలేనంత పని పెట్టకపోవడం... ఇవి యాజమాన్యం పనులు. మన అమ్మాయిలూ నర్సులవుతున్నారు. వాళ్ల తరపున ఇవి అడగవలసింది మనమే.