కొత్త కెమేరా, తీరని బాకీ

పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడేసరికి మన కుటుంబాలలో ముహూర్తాల మాటతోబాటు కెమేరాల మాట కూడా వినబడుతూ వుంటుంది. పెళ్ళికూతురి మేనమామగారో, కాలేజీలో చదువుకునే తమ్ముడో బజారులోకి అప్పుడే దిగిన కొత్త రకం కెమేరాను కొని, దానికి పెళ్ళిపందిట్లోనే ప్రారంభోత్సవం చేయాలని ముచ్చటపడుతూ వుంటారు. ముచ్చట మంచిదే. కాని కొత్త కెమేరాను గురించి అంగడివాడు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి వున్నది. అది తెలుసుకుని కొంటే డబ్బూ దక్కుతుంది, జ్ఞాపకమూ దక్కుతుంది. ఈ నెల ఆ సంగతి ముచ్చటిస్తాము.

మన పెద్దల నాటి డబ్బా కెమేరా కొన్ననాడు ఎట్లా వుండేదో పాతికేళ్ళ తరువాతా అట్లాగే వుండేది. మంచిదైతే మొదటినుంచీ మంచిది, చెడ్డదైతే కడదాకా చెడ్డది. ఆలోచనంతా ఫొటో తీసేవాడిదే గాని కెమేరాకు ఆలోచన లేదు. ఇప్పటి డిజిటల్ కెమేరా సంగతి వేరు. వెలుతురును కొలవటం, ముఖం ఎక్కడ వున్నదో వెదకటం, రంగులు సరిపెట్టటం, బొమ్మను కార్డుమీద వ్రాయటం, ఇవన్నీ దాని కడుపులో వున్న చిన్న కంప్యూటరు చేస్తుంది. ఏ పని తరువాత ఏ పని చేయాలో ఆ కంప్యూటరుకు చెప్పే ఆదేశాల మూట ఒకటి కెమేరాలోనే భద్రపరచి వుంటుంది. దాని పేరు ఫర్మ్‌వేర్. ఆషర్ ఓప్లర్ అనే అమెరికన్ నిపుణుడు 1967లో ‘డేటామేషన్’ అనే పత్రికలో ఈ మాట వాడాడు. చేతికి తగిలే సామాను హార్డ్‌వేర్, తేలికగా మార్చుకోగల ఆదేశాలు సాఫ్ట్‌వేర్. ఈ రెంటికీ నడుమ వుండేది ఫర్మ్‌వేర్ అని ఆయన భావం.

ఆదేశాలు వ్రాసేది మనుష్యులు గనుక అందులో తప్పులు దొర్లుతవి. ఇంగ్లీషువారు ఇట్టి తప్పుకు ‘బగ్’, అనగా పురుగు, అని పేరుపెట్టారు. బియ్యంలో పురుగు చేటలో పోయగానే బయటపడుతుంది. ఈ పురుగు అట్లా కాదు. ఫలానా లెన్సు, ఫలానా కార్డు, ఫలానా వెలుతురు మూడూ ఒకచోట కూడినప్పుడే తలయెత్తుతుంది. కంపెనీవారు తమ పరీక్షశాలలో ఎన్ని వందలసార్లు పరీక్షించినా, లోకంలోని లెన్సులన్నిటినీ, కార్డులన్నిటినీ, దీపాలన్నిటినీ అక్కడికి తేలేరు. పైగా పోటీ కంపెనీకంటె ముందే బజారులో దిగాలనే ఆత్రం వుండనే వున్నది. అందుచేత కొత్త కెమేరా వచ్చిన మొదటి నెలల్లో దానిని కొన్నవారే దాని అసలు పరీక్షకులవుతున్నారు. ఆ పరీక్షకు జీతం లేదు సరిగదా, ఎదురు వాళ్ళే డబ్బు కట్టి చేస్తున్నారు.

ఒక్క ఉదాహరణ చూడండి. జపానుకు చెందిన కేనన్ కంపెనీ 2008 సెప్టెంబరులో 5డి మార్క్ 2 అనే కెమేరాను ప్రకటించింది. ఫొటోలే గాక సినిమాకు పనికివచ్చే నాణ్యమైన చలనచిత్రం కూడా తీయగలదని దానిమీద లోకమంతా ఆశపెట్టుకున్నది. తీరా చేతికి వచ్చాక, రాత్రివేళ తీసిన బొమ్మలలో వెలిగే దీపపు చుక్కలకు కుడిపక్కన నల్లని చుక్కలు కనబడసాగాయి. దీపం పక్కన దిష్టిచుక్క పెట్టినట్లు! కంపెనీవారు లోపం ఒప్పుకుని, 2009 జనవరిలో 1.0.7 అనే సంఖ్యగల కొత్త ఫర్మ్‌వేరును విడుదల చేశారు. కెమేరాను విప్పలేదు, ఏ భాగమూ మార్చలేదు. ఆదేశాలు మార్చగానే చుక్కలు పోయినవి. అయితే ఈ నడుమ ఆ కెమేరాతో దీపాల వేడుక ఏదైనా చిత్రించుకున్నవారి సంగతేమిటి? కొత్త ఆదేశాలు రేపు తీయబోయే ఫొటోకే గాని నిన్న తీసిన ఫొటోకు పనిచేయవు. కెమేరాకు మందు దొరికింది గాని ఆ రాత్రి తిరిగి రాలేదు.

ఆ కెమేరా కథ అంతటితో ముగియలేదు. అది మొదట సెకనుకు 30 బొమ్మల లెక్కన మాత్రమే చలనచిత్రం తీసేది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలది, టెలివిజను లెక్క సెకనుకు 25 బొమ్మలది. 30 లెక్కన తీస్తే మన కరెంటుతో వెలిగే ట్యూబులైట్ల కింద బొమ్మ రెపరెపలాడటం కద్దు. 24, 25 లెక్కలు కావాలని వాడుకరులు గోలపెట్టగా, 2010 మార్చిలో 2.0.3 అనే ఫర్మ్‌వేరుతో వాటిని చేర్చారు. తీరా చూస్తే ఆ సవరణలోనే పురుగు వున్నది. ధ్వనిని మనమే సరిచేసుకునే పద్ధతి పెట్టుకుంటే కొన్ని అమరికలలో శబ్దమే రికార్డు కాలేదు. కొద్ది రోజుల్లోనే దానిని వెనక్కు తీసుకుని 2.0.4ను ఇచ్చారు. ఆ నడుమ తొందరపడి ఎక్కించుకున్నవాడు మంగళసూత్రధారణ చిత్రించి వుంటే, మేళం మూగదై వుండును. అందుచేత సవరణ రాగానే పరుగెత్తటమూ వివేకం కాదు.

ఇక్కడ మేము ముఖ్యంగా చెప్పదలచిన మాట ఒకటున్నది. ఇట్టి సవరణలు వచ్చినప్పుడల్లా కంపెనీలు ‘మా వినియోగదారులకు ఉచితంగా అందిస్తున్నాము’ అని దానధర్మం చేసినట్లు ప్రకటిస్తూ వుంటవి. ఉచితమేమిటి? కొన్ననాడే పూర్తి వెల పుచ్చుకున్నారు గదా! నల్లచుక్కలు లేని కెమేరాకే మనం ధర చెల్లించాము. లోపాన్ని దిద్దే సవరణ కానుక కాదు, బాకీ తీర్చటం. బాకీ తీర్చినవాడికి మర్యాదగా నమస్కరించవచ్చు గాని, దాత అని పేరు పెట్టనక్కరలేదు.

ఒక్కొక్కప్పుడు ఆ బాకీకి నోటు కూడా వ్రాసి ఇస్తారు. నికాన్ కంపెనీ జెడ్9 అనే కెమేరాను 2021 చివరలో అమ్మకానికి పెట్టినప్పుడు, 8కె స్థాయిలో సెకనుకు 60 బొమ్మలు తీసే శక్తిని తరువాత ఫర్మ్‌వేరు ద్వారా ఇస్తామని ముందే చెప్పింది. 2022 ఏప్రిల్‌లో 2.00 సంఖ్యతో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది. ఇది ప్రామిసరీ నోటు వ్యవహారం. నోటు వ్రాసి తీర్చినవాడు పెద్దమనిషే. కాని కొనేవాడు మాత్రం నోటును చూసి కాక, ఆనాడు చేతిలో పడిన సరుకును చూసి వెల కట్టుకోవాలి.

నిజమైన కానుకలు లేకపోలేదు. ఫ్యూజీఫిల్మ్ కంపెనీ ఎక్స్100 అనే కెమేరా 2011లో వచ్చింది. 2013లో దాని స్థానంలోకి ఎక్స్100ఎస్ వచ్చి కూర్చున్నది. అయినా అదే ఏడు అక్టోబరులో, పాతబడిన ఎక్స్100కు కంపెనీవారు కొత్త ఫర్మ్‌వేరు విడుదల చేసి, ఫోకసును చురుకు చేసి, స్పష్టంగా వున్న అంచులను వేరు రంగులో చూపే సదుపాయం కూడా చేర్చారు. అమ్మటం మానేసిన సరుకుకు కొత్త గుణం చేర్చటాన్ని కానుక అనటానికి మాకు అభ్యంతరం లేదు. దీనికి ఎదురు కథ కూడా వున్నది. 2009లో పేనసోనిక్ కంపెనీ కొన్ని కెమేరాలకు ఇచ్చిన ఫర్మ్‌వేరు, భద్రత కారణం చెప్పి, ఇతరులు చేసిన బ్యాటరీలను పనిచేయనీయకుండా చేసింది. నిన్నటిదాకా పనిచేసిన చౌక బ్యాటరీ నేడు చెల్లని రూపాయి అయింది. సవరణ ఇవ్వనూగలదు, తీసుకోనూగలదు. కనుక ఎక్కించుకునే ముందు కంపెనీవారు దానితోబాటు ప్రకటించే మార్పుల జాబితా చదవటం మంచిది.

ఆదేశాలు మార్చినంత మాత్రాన అన్ని రోగాలూ కుదరవు. జర్మనీకి చెందిన లైకా కంపెనీ 2006లో ఎం8 అనే ఖరీదైన కెమేరా తెచ్చింది. కంటికి కనబడని పరారుణ కిరణాలను అది సరిగా అడ్డలేక, నల్లని సింథటిక్ బట్టలను ఊదా చాయగా చూపించింది. వరుడి నల్లకోటు వంగపండు రంగులో పడితే ఆ ఇంటివారు ఏమనుకుంటారు? దానికి ఫర్మ్‌వేరు ఒక్కటే చాలలేదు. కొన్నవారికి కంపెనీవారు లెన్సుకు తొడిగే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. 2012లో వచ్చిన నికాన్ డి600లో వాడినకొద్దీ సెన్సారు మీద మచ్చలు చేరేవి. ఆకాశం, తెల్లగోడ ఫొటోలో పడితే ఆ మచ్చలు స్పష్టంగా కనబడేవి. చివరకు 2014లో గ్యారంటీ గడువు తీరినా సరే, శుభ్రంచేసి షట్టరు భాగం మార్చి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. 2020లో వచ్చిన కేనన్ ఆర్5, 23 డిగ్రీల వాతావరణంలో 8కె చిత్రం సుమారు 20 నిమిషాలు తీసేసరికి వేడెక్కి ఆగిపోయేది. ఆ ఆగస్టులో వచ్చిన ఫర్మ్‌వేరు వేడిని అంచనాకట్టే లెక్కను సవరించింది గాని వేడినే తీసివేయలేదు. 23 డిగ్రీలు మన వైశాఖమాసపు పందిట్లో ఎక్కడ దొరుకుతవి? ఇట్టివాటిని చూసినప్పుడు రోగం ఆదేశాలలో వున్నదా, శరీరంలో వున్నదా అని విడదీసి తెలుసుకోవాలి. మొదటిదానికి ఇంట్లోనే వైద్యం. రెండవదానికి సర్వీసు సెంటరే గతి. అక్కడికి బిల్లు, గ్యారంటీ కాగితం పట్టుకుని వెళ్ళాలి.

ఇక ఇంట్లో చేసుకునే వైద్యం ఎట్లాగో క్లుప్తంగా చెబుతాము. కెమేరా మెనూలో ఫర్మ్‌వేర్ సంఖ్య కనబడుతుంది. దానిని కంపెనీవారి సొంత సైటులో వున్న సంఖ్యతో పోల్చండి. అక్కడినుంచే తెచ్చుకోండి, ఎవరో పంపినది ఎక్కించవద్దు. కెమేరా పేరు అక్షరం పొల్లుపోకుండా సరిచూడండి. మార్క్ 2కు వుద్దేశించినది మార్క్ 3కు పనికిరాదు. కార్డులోని ఫొటోలన్నీ ముందు వేరే చోట దాచి, కార్డును కెమేరాలోనే ఫార్మాటు చేసి, తెచ్చిన ఫైలును ఏ ఫోల్డరులోనూ పెట్టక పైనే వుంచటం చాలా కంపెనీల పద్ధతి. బ్యాటరీ నిండుగా చార్జి చేయండి. ఎక్కుతున్నంతసేపూ ఏ మీటా నొక్కవద్దు, కెమేరాను ఆపవద్దు. నడుమ ఆగిపోతే కెమేరా మళ్ళీ కళ్ళు తెరవకపోవచ్చు. కొన్ని కెమేరాలలో మళ్ళీ పాత సంఖ్యకు పోవటానికి వీలుండదు గనుక ముందే ఆలోచించుకోవాలి. ఎక్కించిన తరువాత మీ లెన్సులు, ఫ్లాషు, కార్డులు అన్నీ పెట్టి ఒక పూట ఫొటోలు తీసి చూడండి. తేదీ, సమయం, ఇతర అమరికలు మొదటికి వచ్చాయేమో కూడా గమనించండి.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలం. శుభకార్యానికి రెండు మూడు నెలల ముందే కెమేరా కొనండి. అదయినా బజారులోకి వచ్చి కొన్ని నెలలు గడిచి, మొదటి సవరణలు ఒకటి రెండు వచ్చినదైతే మరీ మంచిది. పైగా అప్పటికి వెల కూడా కాస్త తగ్గుతుంది. ముహూర్తానికి పది రోజుల ముందునుంచి, తప్పనిసరి అయితే తప్ప, ఏ సవరణా ఎక్కించవద్దు. డబ్బిచ్చి ఫొటోగ్రాఫరును పిలిచేవారు ‘మీ కెమేరా ఎంత ఖరీదు?’ అని అడిగేబదులు, ‘దీనితో ఎన్ని పెళ్ళిళ్ళు తీశారు? రెండవ కెమేరా వెంట తెస్తారా?’ అని అడగటం వుత్తమం. రెండు కార్డులు పట్టే కెమేరా అయితే రెంటిమీదా ఒకేసారి వ్రాయించమని చెప్పండి.

మన కుటుంబాలు ఏనాడో నాలుగు రాష్ట్రాలకు చెదరినవి. ఒక తరంవారంతా ఒక పందిరికింద కూడేది పెళ్ళిలోనే. అక్కడ నాయనమ్మగారు అక్షతలు వేసే క్షణం ఒక్కసారే వస్తుంది. కంపెనీ తన బాకీని వచ్చే నెల తీర్చవచ్చు, వచ్చే ఏడు తీర్చవచ్చు. ఆ క్షణాన్ని మాత్రం ఏ ఫర్మ్‌వేరూ తిరిగి ఇవ్వలేదు. కొత్త కెమేరామీద ముచ్చట వున్నవారు దాని పురుగులు ఏరే పనిని పెరట్లోని మందారంమీదా, వీధిలోని ఆవుదూడమీదా ముందుగా ముగించి, పెళ్ళిపందిట్లోకి నమ్మకమైన కెమేరాతోనే అడుగుపెట్టాలని మా కోరిక.