ఆలస్యమైతే హక్కు పోతుందా?

గద్వాల, వనపర్తి ఒకప్పుడు సంస్థానాలు. పక్కనే ఉన్న నాగర్‌కర్నూల్‌తో కలిపి ఈ మూడూ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఇప్పుడు వేటికవే జిల్లాలయ్యాయి. కానీ పాత కౌలు భూముల తగాదా వస్తే మాత్రం ఇక్కడ ఇప్పటికీ తిరగేయాల్సింది 1950 నాటి చట్టాన్నే.

ఆ ఏడాది జూన్ 10న హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు నిర్ణీత కాలంలో ఆరేళ్లపాటు వరుసగా కౌలుకు దున్నినవారిని 'రక్షిత కౌలుదారులు'గా గుర్తించింది. ఆఫీసుల భాషలో చెప్పాలంటే 'పీటీ' హక్కు. ఈ తగాదాలు తేల్చే పనిని చట్టం తహసీల్దార్‌కు అప్పగించింది. ఆపైన కలెక్టర్‌కు అప్పీలు, తర్వాత హైకోర్టులో రివిజన్. ఊరి పెద్దలు కూర్చుని రాజీ కుదర్చవచ్చు. కానీ వాళ్ల మాటతో రికార్డులో పేరు మారదు.

మరి తేల్చాల్సిన అధికారే ఏళ్ల తరబడి తేల్చకపోతే? కోర్టులు ఈ ఆలస్యాన్ని రెండు రకాలుగా చూశాయి.

మొదటిది, కాగితం ఆలస్యం. చట్టంలోని 38-ఈ సెక్షన్ ప్రకారం రక్షిత కౌలుదారులు 1973 జనవరి 1 నుంచి పరిమితులకు లోబడి ఆ భూమికి యజమానులయ్యారు. అందుకు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అది చాలామందికి వెంటనే అందలేదు. సర్టిఫికెట్ లేకపోతే హక్కు లేనట్టేనా? ఉట్నూరు తహసీల్దార్‌పై వచ్చిన 'సాదా' కేసులో 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ కాదని చెప్పింది. హక్కు ఇచ్చింది చట్టం. సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే. ఆఫీసులో ఫైలు కదలనంత మాత్రాన రైతు హక్కు పోదు.

రెండోది, అధికారి ఆలస్యంగా మేల్కోవడం. అదే చట్టంలోని 50-బి సెక్షన్ కింద పాత భూమి అమ్మకాలను తహసీల్దార్ క్రమబద్ధం చేయవచ్చు. ఆ ఉత్తర్వును కలెక్టర్ 'ఎప్పుడైనా' తిరిగి పరిశీలించవచ్చని ఉంది. ఎప్పుడైనా అంటే ఎన్నేళ్లకైనా అనా? ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం కేసులో 2003లో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. 'ఎప్పుడైనా' అంటే సహేతుకమైన కాలంలోనే అని చెప్పింది. మోసం జరిగి ఉంటే, అది బయటపడిన నాటి నుంచి ఆ కాలాన్ని లెక్కించాలంది. రంగారెడ్డి జిల్లాకు చెందిన మరో భూమి కేసులో 1950ల నాటి ఖాస్రా పహాణీని దాదాపు 50 ఏళ్ల తర్వాత తిరగదోడటం చెల్లదని 2015లో తేల్చింది.

ఇబ్రహీంపట్నం కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడింది కూలీ సంఘమే. ఆలస్యం చేసింది అధికారులు, నష్టపోయింది పేదలు. 'ఆలస్యం అమృతం విషం' అన్న మాట భూమి విషయంలో అక్షరాలా నిజం. పాత కొనుగోలుదారు గుండెలమీద చెయ్యి వేసుకుని పడుకోవాలన్నదీ న్యాయమే. అందుకే ఈ కత్తికి రెండువైపులా పదును.

పీటీ హక్కు వారసులకూ వస్తుంది. కాబట్టి తాత పేరు పీటీ రిజిస్టర్లో ఉందని తెలిసిన కుటుంబాలు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. రిజిస్టర్, పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తీసి భద్రపరచుకోవాలి. దరఖాస్తు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోవాలి. ఎదుటివారి పేరు తప్పుగా ఎక్కిందనిపిస్తే ఆ రోజే అభ్యంతరం చెప్పాలి. చట్టం ఇచ్చిన హక్కు కాగితం కోసం ఆగుతుంది. ఎదుటివారి కాగితాన్ని సవాలు చేసే గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.