పుట్టిన బిడ్డకు తొలి గంట.. అమ్మకు 26 వారాలు.. లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. 1992 నుంచి ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్నాయి. ఆస్పత్రుల్లో ర్యాలీలు, అంగన్‌వాడీల్లో సమావేశాలు, గోడల మీద పోస్టర్లు మామూలే. తల్లిపాలు మంచివని తెలియనివాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. మరి తెలిసి కూడా ఎందుకు ఇవ్వలేకపోతున్నారు? జవాబు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నడిబొడ్డున, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఓ రౌండ్ వేస్తే చాలు.

తొలి గంటలోనే తేడా

బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇంటి తిండి అలవాటు చేస్తూ రెండేళ్లు, ఆపైన కూడా పాలు ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్నది ఇదే.

తెలంగాణలో ఏం జరుగుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. కానీ గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు సుమారు 37 శాతమే. దేశ సగటు దాదాపు 42 శాతం. అంటే డాక్టరు, నర్సు పక్కనే ఉన్నా తొలి గంట చేజారిపోతోంది.

అలాగని ఇక్కడి తల్లులకు ఇష్టం లేదనుకుంటే పొరపాటే. ఆరు నెలలలోపు పిల్లల్లో కేవలం తల్లిపాలే తాగుతున్నవారు రాష్ట్రంలో సుమారు 68 శాతం. ఇది దేశ సగటు కంటే ఎక్కువ. తల్లి చేతిలో ఉన్నంత వరకు పని జరుగుతోంది. ఆస్పత్రి చేతిలో ఉన్న గంటే పోతోంది.

ఇందుకు పెద్ద కారణం సిజేరియన్లు. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. కుట్లు, నొప్పి, తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో. ఆ ఖాళీలోకి డబ్బా పాలు వచ్చేస్తాయి. నిజానికి నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి స్పృహలోనే ఉంటుంది. బిడ్డను పట్టుకుని రొమ్ముకు అందించే మనిషి పక్కన ఉంటే చాలు, పాలు పట్టొచ్చు.

ఇద్దరికీ లాభమే

ముర్రుపాలలో రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు దండిగా ఉంటాయి. అందుకే దాన్ని బిడ్డకు తొలి టీకా అంటారు. తల్లిపాలు తాగే పిల్లల్లో విరేచనాలు, న్యుమోనియా ముప్పు తగ్గుతుంది. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తేనె నాకిస్తారు, గాడిద పాలు కొని పోస్తారు. వాటి వల్ల మేలు లేదు సరికదా ఇన్ఫెక్షన్ల ప్రమాదం ఉంది.

తల్లికీ మేలే. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు కూడా తగ్గుతుంది. ప్రపంచంలో తల్లులంతా సరిగ్గా పాలివ్వగలిగితే ఏటా 8.23 లక్షల మంది పిల్లల ప్రాణాలు, రొమ్ము క్యాన్సర్‌తో పోయే 20 వేల మంది మహిళల ప్రాణాలు నిలుస్తాయని 2016లో లాన్సెట్ పత్రిక అంచనా వేసింది.

షాపులో నిలబడే అమ్మ సంగతేంటి?

అమీర్‌పేట, పంజాగుట్ట అంటే చీరల షాపులు, నగల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, చిన్నచిన్న ఆఫీసులు. వీటిలో వేలాది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఈఎస్ఐలో ఉన్నవారికీ అంతే. వినడానికి సరిగ్గా ఆరు నెలలు. కానీ ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకుంటే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలే. ఆరు నెలలు నిండటానికి ఇంకా 8 వారాలుండగానే తల్లి కౌంటర్ దగ్గర నిలబడాలి.

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం చట్టం ఇచ్చిన హక్కు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావొచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే నిబంధనలున్నాయి. చిక్కంతా ఇక్కడే. 15 మంది పనిచేసే షాపులో విరామం ఉంటుంది, క్రెష్ ఉండదు. బిడ్డేమో బోరబండలోనో, ఎర్రగడ్డలోనో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. పావుగంట విరామంలో అక్కడికి వెళ్లి పాలిచ్చి రావడం అయ్యే పనేనా?

దారి లేకపోలేదు. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు నిల్వ ఉంటాయి. కావాల్సింది తలుపున్న ఓ చిన్న గది, ఓ ఫ్రిజ్. నాలుగు షాపులు కలిస్తే అదేమంత పెద్ద ఖర్చు కాదు.

బయట చోటేది?

రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేటలో, షాపింగ్ రద్దీ ఉండే పంజాగుట్టలో చంటిబిడ్డతో వచ్చే తల్లికి కాస్త మరుగు కావాలి. బహిరంగ స్థలాల్లో, ప్రభుత్వ భవనాల్లో పాలిచ్చే గదులు ఏర్పాటు చేయాలన్న కేంద్రం సూచనను రాష్ట్రాలు అమలు చేయాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడొద్దని కూడా గుర్తుచేసింది.

పాలు రాని తల్లులకు, నెలలు నిండని పిల్లలకు దగ్గర్లోనే ఓ ఆసరా ఉంది. నీలోఫర్ ఆస్పత్రిలో 2017 నుంచి ధాత్రి తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. దాతల నుంచి సేకరించిన పాలను పరీక్షించి, వేడిచేసి శుద్ధి చేశాకే పిల్లలకు ఇస్తారు.

డబ్బా పాల కంపెనీలు ప్రకటనలు ఇవ్వకూడదని, ఉచిత శాంపిళ్లు పంచకూడదని 1992 నుంచే చట్టం ఉంది. సెలవులకు చట్టం ఉంది, విరామానికి చట్టం ఉంది. ఇన్నీ ఉండి కూడా బిడ్డకు పాలు అందాలంటే కాన్పు గదిలో ఓ నర్సు సాయం, షాపులో ఓ తలుపున్న గది కావాలి. ఈ వారోత్సవాల్లో పోస్టర్లతో పాటు ఆ రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీస్తే, వచ్చే ఆగస్టుకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.