వేషానికి వెల కట్టండి

పిల్లాడి పుట్టినరోజుకి మిక్కీ మౌస్ వేషగాణ్ణి మాట్లాడుకుంటే ముందే అడ్వాన్సు చేతిలో పెడతాం. అదే పగటివేషగాడు గుమ్మం ముందు నిలబడితే "చిల్లర లేదు, పైయింటికి వెళ్లు" అంటాం. ఇదెక్కడి న్యాయమండీ?

ఆ ఎలుక తెరమీదికొచ్చింది 1928లో. మన పగటివేషాలు అంతకు చాలా ముందువి. వేదిక లేదు, టిక్కెట్టు లేదు. రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగి, ఆఖరి రోజున సంభావన అడిగేవారు. అర్ధనారీశ్వర వేషంలో ఉండేది ఒక్క మనిషే. చేతిగుడ్డ అడ్డుపెట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి! పెద్ద తలకాయ తగిలించుకుని చెయ్యి ఊపడం ఇంతకంటే గొప్ప విద్యా?

పిల్లల పార్టీలకు వేషాలు పంపే వ్యాపారం పెడతానని దేవరకొండలో ఏ ఇల్లాలైనా అంటే భేష్ అంటాను. కానీ ఎలుక తొడుగొక్కటే కొని ఊరుకోవద్దు. వేషాలు కట్టే కుటుంబాల వాళ్లనూ పిలవండి. రేటు ముందే తేల్చండి, దారి ఖర్చులివ్వండి. నల్లగొండ ఎండల్లో వేషంతో నిలబడ్డవాడికి, ఎలుకైనా హనుమంతుడైనా, మంచినీళ్లూ కాస్త నీడా చూపించండి. తోక లాగే పిల్లల్ని మందలించండి.

"మా పిల్లలు ఇలాంటివి చూడరండీ" అంటారా? మనం చూపిస్తేగా! పగటివేషాలకు చుట్టంలాంటి చిందు యక్షగానానికి 2024లో గడ్డం సమ్మయ్యగారి ద్వారా పద్మశ్రీ దక్కింది. ఢిల్లీకి విద్యగా కనబడింది మన గుమ్మంలో బిచ్చంగా ఎందుకు కనబడాలి?

గుప్పెడు బియ్యం దులపరించుకోవడం మాని, ఆడినవాడికి కూలి లెక్కగట్టి ఇవ్వండి. పిల్లలు వేషంతో పాటు అదీ చూస్తారు.