సమాధిలోకి కత్తి ఎందుకు?

సిద్దిపేట జిల్లా పొలాల్లో, గుట్టల పక్కన పెద్ద పెద్ద రాళ్లను గుండ్రంగా పేర్చిన చోట్లు అక్కడక్కడ కనిపిస్తాయి. మన పెద్దలు వీటిని ‘రాకాసి గుళ్లు’ అన్నారు. అంతంత బండలను మనుషులు ఎత్తలేరనుకున్నారు కాబోలు. నిజానికి ఇవి మనలాంటి మనుషుల సమాధులే. 2017లో పురావస్తు శాఖవారు పుల్లూరు, నర్మెట్ట గ్రామాల్లో వీటిని తవ్వారు. నర్మెట్టలో ఒక సమాధి మీది బండ బరువు దాదాపు 40 టన్నులని అంచనా వేశారు. దాన్ని లేపడానికి క్రేను కావలసి వచ్చింది.

తెలంగాణలో ఇలాంటి సమాధులు తవ్విన అనేక చోట్ల ఎముకలు, ఎరుపు నలుపు కుండలు, వాటితో పాటు ఇనుప వస్తువులు దొరికాయి. కత్తులు, బాకులు, ఈటెలు, బాణపు ములుకులు ఉన్నాయి. కొడవళ్లు, గొడ్డళ్లు కూడా ఉన్నాయి. ఈ సమాధుల్లో చాలావరకు క్రీస్తుపూర్వం 1000 మొదలు కొన్ని వందల ఏళ్లలో కట్టినవి. అంటే అక్కడ సౌలు, దావీదు రాజ్యమేలిన రోజుల్లోనే ఇక్కడ మన పూర్వికులు కూడా కొలిమిలో ఇనుము కాల్చి ఆయుధాలు సాగగొట్టారన్నమాట. చనిపోయినవాడికి అవతల కూడా కత్తి అవసరమవుతుందని నమ్మి పక్కన పెట్టి ఉంటారు. ఇన్ని వేల ఏళ్లలో ఆ కత్తి ఒక్క యుద్ధమూ చేయలేదు. తుప్పు పట్టి పెళుసైపోయింది.

ఇలాంటివారి గురించి యెహెజ్కేలు ప్రవక్త ముందే మాట్లాడాడు. యుద్ధాయుధాలతో పాతాళానికి దిగి, కత్తులను తలకింద పెట్టుకుని పడుకున్న శూరులను ఆయన మనకు చూపిస్తాడు. వారి దోషం వారి ఎముకల మీదే ఉందంటాడు (యెహెజ్కేలు 32:27). కత్తి తలగడ అయింది గాని నెమ్మది ఇవ్వలేదు.

ఆయుధాన్ని నమ్ముకున్నవారి గతి ఏమైందో సమూయేలు గ్రంథం చెబుతుంది. గొల్యాతు కవచం 5000 తులాల ఇత్తడి. నేటి లెక్కలో 57 కిలోల దాకా ఉంటుంది. ఈటె మొన ఒక్కటే దాదాపు 7 కిలోలు. చివరికి అతని తల తెగింది అతని కత్తితోనే. సౌలు తన కవచాన్ని దావీదుకు తొడిగి చూశాడు. దావీదు వద్దని విప్పేశాడు. ఆ సౌలు గిల్బోవ కొండ మీద తన కత్తి మీదే పడి చనిపోయాడు. అతని ఆయుధాలను ఫిలిష్తీయులు తమ గుడిలో పెట్టుకున్నారు. ఇద్దరినీ బలి తీసుకున్నది వారి సొంత కత్తే.

ప్రియులారా, మన సమాధుల్లో ఇనుము ఉండదు. తెల్లని బట్ట కప్పుతాం, పెట్టె మీద పరిశుద్ధ గ్రంథం ఉంచుతాం. కాని తలకింద ఏమీ లేదని చెప్పగలమా? ములుగు వైపు రాజీవ్ రహదారి వెంట ఎకరం ధర ఎంత పెరిగిందో మనందరికీ తెలుసు. ధర పెరిగినకొద్దీ గెట్టు పంచాయితీలూ పెరిగాయి. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ఒకే చర్చిలో వేరు వేరు బెంచీల మీద కూర్చుని, ఒకే రొట్టె విరిచి, మాట్లాడుకోకుండా ఇంటికి పోతున్నారు. సంఘం కమిటీలు కోర్టుమెట్లు ఎక్కుతున్నాయి. “నా శవాన్ని కూడా వాడు ముట్టొద్దు” అని చెప్పి కన్నుమూసేవారున్నారు. కత్తిని తలకింద పెట్టుకుని పోవడం ఇది కాదా? పైగా దాన్ని పిల్లలకు ఆస్తిగా రాసిచ్చి పోతున్నాం.

“పౌలే సర్వాంగ కవచం ధరించమన్నాడు కదా” అని కొందరంటారు. నిజమే. అయితే ఆ మాట రాసినప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. దట్టి, మైమరువు, డాలు, శిరస్త్రాణం, కత్తి ఆయన ఏలినవారివి. అయినా మన పోరాటం శరీరులతో కాదని ముందే గిరి గీశాడు (ఎఫెసీ 6:12). పాదాలకు సమాధాన సువార్త తొడుక్కోమన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పినా ఈ అధ్యాయాన్నే ఎత్తిపట్టి తోటి విశ్వాసిని, వేరే మతం పాటించే పక్కింటివాణ్ణి శత్రువు అంటున్నాం. ఇది పౌలు ఇచ్చిన కవచం కాదు, సౌలు కవచం.

సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్టణం ఉంది. 1930లలో అక్కడి తవ్వకాల్లో ఒక రోమా డాలు దొరికింది. పలుచని చెక్కలు అతికించి, తోలు కప్పి, రంగులు వేసిన డాలు. అదే పట్టణంలో క్రైస్తవులు కూడుకున్న ఇల్లు కూడా బయటపడింది. ఇప్పటివరకు దొరికిన ప్రార్థనా స్థలాల్లో అతి పురాతనమైన వాటిలో అదొకటి. అందులో గోడ మీద గొర్రెను భుజాన మోసే కాపరి బొమ్మ ఉంది. క్రీ.శ. 256 ప్రాంతంలో ఆ పట్టణం పారసీకుల చేతిలో పడిపోయింది. డాలు పట్టణాన్ని కాపాడలేకపోయింది. ఆ ఇంట్లో కూడినవారి విశ్వాసం మాత్రం మనదాకా వచ్చింది.

న్యాయం అడగవద్దని మనం చెప్పడం లేదు. హక్కు కోసం నిలబడవచ్చు. కాని ద్వేషాన్ని విడవడమంటే హక్కును విడవడం కాదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే రాజీలు ఆగిపోతున్నాయి.

ఈటెలను మచ్చుకత్తులుగా సాగగొట్టే రోజును యెషయా చూశాడు (యెషయా 2:4). మచ్చుకత్తి తోటపనికి పనికివచ్చే కత్తి. మన ములుగులోనే ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కొమ్మలు కత్తిరించడం, అంటు కట్టడం అక్కడ పిల్లలు నేర్చుకుంటారు. చంపేదీ ఇనుమే, చెట్టుకు కాపు పెంచేదీ ఇనుమే. మధ్యలో కొలిమి ఉంది. మన నాలుక, మన పట్టుదల, మన తెలివి కూడా ఒకసారి ఆ నిప్పులో పడాలి.

సూర్యుడు అస్తమించకముందే కోపం విడవాలని వాక్యం చెబుతుంది (ఎఫెసీ 4:26). మనకు ఎన్ని సాయంత్రాలు మిగిలున్నాయో దేవునికే తెలుసు. వచ్చే ఆదివారం బల్ల దగ్గరకు రాకముందే సహోదరుని గడప తొక్కుదాం. తలకింది కత్తిని బతికుండగానే తీసేద్దాం. సమాధానకర్తయగు దేవుడు మనకు అట్టి ధైర్యం దయచేయును గాక.